సంఘనిధులు – నష్టభయ నిర్వహణము
(వార్షిక మహాసభయందు సంఘ పూర్వకోశాధ్యక్షు లొకరు చేసిన యుపన్యాసము)



ఈ వేదికపై నుండి విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు పెద్దలు పలుకగా మీరు వినియున్నారు. అవి వినుటకు ఇంపైన విషయములు. నా కొప్పగింపబడిన విషయ మట్టిది కాదు. కట్టిన యిల్లు కాలునేమో, దాచిన సొమ్ము పోవునేమో, నమ్మిన మనుష్యుడు తప్పునేమో యని పలుకవలసిన పని నాకు వచ్చినది. శుభమా యని సభ జరుపుకొనుచుండగా ఈ యశుభప్రసంగ మేల యని కొందఱికి తోచవచ్చును. ఐనను ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనిన వానిని లోకము నవ్వును గదా! బావిని ముందుగా త్రవ్వుకొనుట యెట్లో చెప్పుటయే నా ప్రసంగముయొక్క తాత్పర్యము.

మన సంఘమునకు మూడు ఆస్తులు కలవు. విద్యార్థి వసతిగృహ మొకటి, విద్యార్థివేతన నిధి రెండవది, కల్యాణమండపము మూడవది. నాలుగవ యాస్తి లెక్కలలో కానరాదు. అది దాతల నమ్మకము. మొదటి మూడును పోయినచో తిరిగి సంపాదింపవచ్చును. నాలుగవది పోయినచో మిగిలినవి యుండియు లేనివే యగును.

ఆంగ్లమున రిస్కు అనబడు దానిని నేను నష్టభయమని వ్యవహరించుచున్నాను. అంతర్జాతీయ ప్రమాణసంస్థ 2009వ సంవత్సరమున ప్రకటించి 2018లో సవరించిన ఐఎస్ఓ 31000 అను మార్గదర్శకమునందు, ఉద్దేశములపై అనిశ్చితి కలిగించు ఫలితమే రిస్కు అను నిర్వచనము కలదు. ఉద్దేశమే లేనివానికి నష్టభయము లేదు. కావున మొదట అడుగవలసిన ప్రశ్న "ఏమి చెడును?" అనునది కాదు, "మన మేమి సాధింపదలచితిమి?" అనునదియే. వందమంది బీదవిద్యార్థులకు వేళకు అన్నము, చదువుకొనుటకు చోటు కల్పించుట మన యుద్దేశమైనచో, దాని కడ్డువచ్చున దెల్లయు మన పట్టికలో చేరవలయును.

అట్లు గుర్తించిన పిదప ప్రతి యాపదను రెండు కొలతలతో తూచవలయును. అది జరుగుట కెంత యవకాశము కలదు? జరిగినచో ఎంత చేటు? ఈ తూనిక యైన పిమ్మట చికిత్సలు నాలుగు. కల్యాణమండపమున లోపల బాణసంచా కాల్చుటను నిషేధించినచో అది విడుచుట. వంటశాల గ్యాసు సిలిండరులను వెలుపల గాలి తగులు చోట నుంచి గొట్టముల ద్వారా లోనికి తెచ్చినచో అది తగ్గించుట. భవనమునకు అగ్నిభీమా చేసినచో అది యితరులకు బదలాయించుట. పగిలిన పెంకులు, విరిగిన బల్లలు మన ఖర్చులనే బాగుచేసికొనినచో అది భరించుట. ఈ నాలుగింటిలో ఏ యొక్కటియు చేయక, కన్నులు మూసికొని యుండుటకు మాత్రము ఈ శాస్త్రమున పేరు లేదు. మన సంఘములలో తఱచుగా జరుగున దదియే.

ఇతరుల లోపములు చెప్పుటకు ముందు నా లోపమును చెప్పుకొనుట ధర్మము.

2020వ సంవత్సరమునకు పూర్వము కొన్నియేండ్లు నేను ఈ సంఘమునకు కోశాధ్యక్షుడనై యుంటిని. వసతిగృహముపై మఱియొక యంతస్తు కట్టుటకు దాతలు ధన మొసగిరి. ఆ మొత్తము నెచ్చట నుంచవలయునను ప్రశ్న కార్యవర్గమున వచ్చినది. ఒక పట్టణసహకార బ్యాంకువారు ఇతర బ్యాంకులకంటె అర్ధశాతము వడ్డీ యధికముగా నిత్తుమనిరి. ఆ బ్యాంకు పాలకవర్గమున మన కార్యవర్గసభ్యు లొకరు కూడ నుండిరి. "మనవారే యున్నారు, శంక యేల?" అను మాట వినబడినది. అయిదు నిమిషములలో తీర్మాన మైనది. మొత్త మంతయు నొక్కచోటనే ఉంచితిమి. రసీదులను నేనే ఇనుపపెట్టెలో భద్రపఱచితిని. ఇనుపపెట్టెకు రెండు తాళములు వేసితినని గర్వించితిని గూడ!

కొంతకాలమునకు ఒకనాటి యుదయమున పత్రికలో ఆ బ్యాంకుపై రిజర్వు బ్యాంకువారు ఆంక్షలు విధించిరను వార్త చదివితిని. నా చేతిలోని కాఫీ చల్లారిపోయినది. భవననిధియే గాక, భోజనశాల నడపు ఖాతా కూడ అచ్చటనే యుండెను. ఆ వారమున బియ్యపు వర్తకునకును, పాలవానికిని ఇయ్యవలసిన సొమ్ము తీయుటకు వీలు లేకపోయెను. సభ్యులు బస్తాల లెక్కన బియ్యము పంపి యా నెల గడిపిరి. వారి పేర్లు చెప్పవలదని వారే కోరియుండుటచే చెప్పుట లేదు.

దాతలలో ఒక వృద్ధురాలు కలదు. భర్త పోయిన పిదప తన చేతిగాజులు అమ్మి ఆ నిధికి ధన మిచ్చిన తల్లి. ఆమెకు ముఖము చూపుటకు నాకు ధైర్యము చాలలేదు. ఆమెయే కబురంపినది. పోయి తల వంచుకొని నిలిచితిని. ఆమె సొమ్మును గూర్చి యొక్కమాట యడుగలేదు. "నాయనా, పిల్లలకు అన్నము పెట్టుచున్నారు గదా?" అని మాత్ర మడిగినది. ఆ ప్రశ్న నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది.

సొమ్ము కొంత భీమా ద్వారాను, కొంత చిరకాలమునకు విడతలుగాను వచ్చినది; కొంత రానే లేదు. అంతస్తు కట్టుట ఆలస్యమైనది. ఆ మధ్యకాలమున చోటు లేదని త్రిప్పి పంపిన విద్యార్థుల దరఖాస్తులు నా యొద్ద నున్నవి. వారిలో ఎందఱు చదువు మానిరో నే నెఱుగను. నేను ఒక్క పైసయు తినలేదు. చిట్టా ఆవర్జాలు రూపాయితో సహా సరిపోయినవి. ఐనను నష్టము కలిగినది. దీనివలన నేను నేర్చినది ఒక్కటే: కోశాధికారి నిజాయితీ వేఱు, నిధి భద్రత వేఱు. మొదటిది యున్నంత మాత్రమున రెండవది కలుగదు.

లెక్క చూడుడు. అర్ధశాత మనగా లక్షకు ఏడాదికి అయిదువందల రూపాయలు. ఆ యయిదువందలకై లక్షను పణముగా నొడ్డితిని. బ్యాంకు డిపాజిట్లకు భీమా కలదనియు, అది యొక పరిమితివఱకే యనియు నేను కనుగొనకపోతిని. 1993 మొదలుకొని ఆ పరిమితి లక్షరూపాయలు. 2020 ఫిబ్రవరిలో అయిదులక్షల కది పెంపబడినది. అది అసలు, వడ్డీ కలిపి లెక్కించునది. ఒకే బ్యాంకుయొక్క పలుశాఖలలో విడివిడిగా ఉంచినను, ఒకే సంఘము పేర నున్న వన్నియు కలిపి ఒక్కటిగానే చూతురు. బ్యాంకులు వేఱైనప్పుడే భీమాయు వేఱగును.

2019 సెప్టెంబరులో బొంబాయి నందలి పంజాబు మహారాష్ట్ర సహకార బ్యాంకుపై ఆంక్షలు వచ్చినప్పుడు, ఖాతాదారులకు మొదట ఆఱునెలలకు వేయిరూపాయలు మాత్రమే తీసికొన ననుమతి యిచ్చిరి. ఆ బ్యాంకు ఋణములలో అత్యధికభాగము ఒకే గృహనిర్మాణవ్యాపార కుటుంబపు సంస్థలకు పోయినట్లును, అది దొంగఖాతాలచే కప్పిపుచ్చబడినట్లును పిదప బయటపడినది. ఇట్టి యనుభవముల తరువాత 2021లో చట్టము సవరింపబడి, ఆంక్షలు విధించిన తొంబది దినములలో భీమామొత్తము డిపాజిటుదారులకు చేరవలయునను నియమ మేర్పడినది. చట్టము మనకు తోడ్పడును. గాని అయిదులక్షలకు పైబడిన దానిని గూర్చి మన జాగ్రత్త మనమే పడవలయును.

ఇక పెద్ద సంస్థల యాచారమును చూతము. 2013 నాటి కంపెనీల చట్టము, నష్టభయ నిర్వహణ విధానమును గూర్చి డైరెక్టర్ల నివేదికలో తెలుపవలయునని విధించినది. విపణివిలువలో మొదటి వేయి స్థానములలోనున్న కంపెనీలు ఇందులకై ప్రత్యేకముగా నొక ఉపసంఘమును నియమించుకొనవలయునని 2021లో సెబీ శాసించినది. ఈ సంస్థలలో మూడు వరుసల కావలి యను పద్ధతి వాడుకలో నున్నది. పని చేయువాడు తన పనిలోని యపాయమునకు తానే మొదటి కావలి. అతడు నియమములు పాటించుచున్నాడో లేదో చూచుచు తోడ్పడువాడు రెండవ కావలి. ఈ యిరువురికిని లోబడక, నేరుగా పాలకవర్గమునకు నివేదించు లెక్కల తనిఖీదారు మూడవ కావలి. మన వసతిగృహమున వార్డెను మొదటివాడు, కోశాధ్యక్షుడు రెండవవాడు, ఆడిటరు మూడవవాడు. ముగ్గురును ఒకే కుటుంబమువారైనచో వరుసలు మూడైనను కావలి యొక్కటియే.

చట్టములును, ఉపసంఘములును ఉన్నంత మాత్రమున చాలదనుటకు నిదర్శనము మన తెలుగుగడ్డ మీదనే కలదు. హైదరాబాదు నందలి సత్యం కంప్యూటర్సు సంస్థ 2008లో సుపరిపాలనకై అంతర్జాతీయ బహుమానము నందుకొన్నది. 2009 జనవరి 7వ తేదీన దాని యధ్యక్షులు రామలింగరాజుగారు వ్రాసిన లేఖలో, లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనే లేవని యొప్పుకొనిరి. బహుమాన మంది నాలుగైదు మాసములైన కాలేదు! 2015 ఏప్రిలులో విచారణ న్యాయస్థానము ఆయనను, మఱి తొమ్మండుగురను దోషులుగా నిర్ణయించినది. బ్యాంకునందలి నిలువను సంస్థవారు చూపిన కాగితములను బట్టి గాక, బ్యాంకునుండియే ఆడిటరు స్వయముగా తెప్పించుకొని సరిచూడవలయునను సామాన్యసూత్రముయొక్క విలువ అప్పుడు లోకమునకు తెలిసినది. మన సంఘమున బ్యాంకు నిలువపత్రమును ఎవరు తెచ్చుచున్నారు? కోశాధ్యక్షుడే తెచ్చి ఆడిటరు చేతిలో పెట్టుచున్నాడు. నేనును అట్లే చేసితిని. అది మాఱవలయును.

సొమ్ముకంటె ముఖ్యమైనవి ప్రాణములు. 2004 జూలై 16వ తేదీన తమిళదేశమునందలి కుంభకోణములో ఒక పాఠశాల అగ్నిప్రమాదమునకు గుఱియై తొంబదినలుగురు పసిపిల్లలు మరణించిరి. వంటశాలలో పుట్టిన మంట ఆకుల కప్పునకు ప్రాకినది. పైకి క్రిందికి పోవుమార్గము ఇఱుకు. వంటకు పొయ్యి యవసరమే; నీడకు కప్పు అవసరమే; మెట్లు ఇఱుకుగా నుండుట యెన్నియో యిండ్లలో కలదు. ఒక్కొక్కటిగా చూచిన చిన్నవిగా తోచు లోపములు ఒకనాడు కలిసికొన్నప్పుడు మహావిపత్తు పుట్టును. మన వసతిగృహమున రాత్రి పదిగంటలకు వెనుకద్వారమునకు తాళము వేయుదుము. అది పిల్లల క్షేమమునకే. ఆ తాళపుచెవి ఎవరియొద్ద నుండును? అతడు ఊరికి పోయిన రాత్రి ఎవరియొద్ద నుండును? ఈ ప్రశ్నకు నిన్నటిదినమున నాకు రెండు వేఱు వేఱు సమాధానములు వచ్చినవి. ఇంతకంటె నే నేమి చెప్పవలయును?

ముందుజాగ్రత్తవలన ఫలము లేదని నిరాశ చెందువారికి మన సముద్రతీరమే సమాధానము చెప్పును. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి నగరమును చిందఱవందఱ చేసినది. ఐనను ఆంధ్రప్రదేశమున మృతులసంఖ్య నూఱునకు లోపుననే నిలిచినది. రెండు తుపానులును, రెండు తావులును సమానములు కావనుట నిజమే. ఐనను నడుమ కాలమున ఉపగ్రహములును, రాడారులును, ముందుహెచ్చరికలును, తుపాను ఆశ్రయములును, ప్రజలను ముందుగా తరలించు నేర్పును వచ్చినవి. గాలిని మనుష్యుడు ఆపలేకపోయెను. గాలి వచ్చునప్పటికి మనుష్యుడు అచ్చట లేకుండ చేయగలిగెను. నష్టభయ నిర్వహణముయొక్క పరమార్థ మింతియే.

ఇక నూతనముగా తలయెత్తుచున్న యపాయములు కొన్ని కలవు. 2024 మొదట హాంకాంగు నగరమున ఒక పెద్ద సంస్థ యుద్యోగి తన పై యధికారులతో వీడియోలో మాటలాడితినని నమ్మి, ఇరువదికోట్ల హాంకాంగు డాలర్లు పంపివేసెను. ఆ తెరపై కనబడిన ముఖములు, వినబడిన గొంతులు యంత్రము కల్పించిన మాయలు. పూర్వము దస్తూరిని, సంతకమును చూచి నమ్మెడివారము. నేడు ముఖమును చూచి, కంఠమును విని కూడ నమ్మరాని కాలము వచ్చినది. మన అధ్యక్షులవారి గొంతుతో "వెంటనే ఇంత సొమ్ము పంపు" మని కోశాధ్యక్షునకు ఫోను వచ్చినచో ఏమి చేయవలయును? ఫోను పెట్టివేసి, తన యొద్ద ముందే యున్న సంఖ్యకు తాను తిరిగి ఫోను చేయవలయును. ఖర్చు లేని చికిత్స యిది. ఒకవేళ మోసపోయినచో సిగ్గుపడి దాచక, క్షణమైన ఆలసింపక 1930 అను జాతీయ సైబరు సహాయసంఖ్యకు తెలుపవలయును.

రెండవది యంత్రములపై నాధారపడుట. 2024 జూలై 19వ తేదీన ఒక రక్షణసాఫ్టువేరు సవరణలోని తప్పువలన లోకమంతట సుమారు ఎనుబదియైదు లక్షల కంప్యూటర్లు స్తంభించినవి. ఆనాడు మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగు పాసులు వ్రాసి యిచ్చిరి. కలము, కాగితము సిద్ధముగా నున్న చోట పని సాగినది. మన విద్యార్థుల పట్టిక, దాతల పట్టిక యొక్క కంప్యూటరులోనే యుండి, దాని సంకేతపదము ఒక్క గుమాస్తాకే తెలిసియుండుట నే నెఱుగుదును. అతనికి జ్వరము వచ్చిన వారము మన కార్యాలయమునకును జ్వరము వచ్చుచున్నది.

మూడవది మన వంటి సంఘములకు మిక్కిలి ముఖ్యమైనది. వధూవరుల పరిచయపుస్తకమున మనము కన్యల పేర్లు, పుట్టినతేదీలు, ఛాయాచిత్రములు, తండ్రుల యాదాయములు, ఫోను సంఖ్యలు సేకరించుచున్నాము. నమ్మి యిచ్చిన ఆ వివరములు ఎన్ని ఫోనులలో తిరుగుచున్నవో ఎవరికిని తెలియదు. 2023లో వ్యక్తిగత డిజిటలు సమాచార రక్షణచట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడినవి. విధులు దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటు చేయబడినది. సమాచారమును భద్రపఱచుటలో లోపము చేసినవారికి 250 కోట్ల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. జరిమానా మాట యటుండనిండు. ఒక యాడుబిడ్డ ఛాయాచిత్రము అన్యుల చేతిలో పడినచో ఆ తండ్రికి మన మేమి చెప్పగలము?

ఇన్ని తనిఖీలు పెట్టినచో సేవచేయ వచ్చువారు అవమానముగా తలంతురని కొందఱు పెద్దలు నాతో ననిరి. వారి మాటను నేను తేలికగా త్రోయను. వేతనము లేక పనిచేయువానిని దొంగవలె చూడరాదు. కాని తనిఖీ దొంగను పట్టుటకు మాత్రమే కాదు. నిర్దోషిని కాపాడుటకు గూడ. నాతో పాటు మఱియొకరు సంతకము చేయువా రుండి, "ఒక్కచోటనే యేల?" అని యడిగియున్నచో నేను కోపపడియుందునేమో; గాని నేడు మీ యెదుట ఇట్లు నిలువవలసిన పని యుండెడిది కాదు.

మఱియొక యాక్షేపణ సమంజసమైనది. పట్టికలు వ్రాసి బీరువాలో పెట్టుటయే నష్టభయ నిర్వహణమని తలంచు సంస్థలు కలవు. ఎఱుపు, పసుపు, పచ్చ రంగులు పూసిన పటములవలన ఆపద తొలగదు. భయము మితిమీఱినచో సాహసము చచ్చును. హామీ లేని బీదవిద్యార్థికి ఋణమిచ్చుట నష్టభయముతో కూడినదే. ఐనను అందులకే మన సంఘము పుట్టినది. ఆ నష్టభయమును తెలిసి భరింతము. తెలియక భరించుదానినే మానుదము.

ఈ మహాసభ యెదుట నేను వినయపూర్వకముగా నుంచు సూచన లివి. ఒకటి: ముఖ్యమైన పండ్రెండు ఆపదలతో ఒకే కాగితముపై పట్టిక వ్రాసి, ప్రతి దానికి ఎదుట బాధ్యుని పేరు వ్రాసి, ఆఱునెలల కొకసారి కార్యవర్గమున చదువవలయును. రెండు: నిధిని ఒక్క బ్యాంకున ఉంచరాదు, ఆ బ్యాంకుతో సంబంధముగల సభ్యుడు తీర్మానసమయమున సభనుండి లేచి పోవలయును, నిలువపత్రము బ్యాంకునుండి నేరుగా ఆడిటరునకు చేరవలయును. మూడు: ఇరువురి యనుమతి లేనిదే చెల్లింపు జరుగరాదు, ఖాళీ చెక్కుపై ముందుగా సంతకము చేయు నలవాటు నేటితో మానవలయును. నాలుగు: వసతిగృహమున రెండవద్వారము లోపలినుండి తాళపుచెవి లేకయే తెఱచుకొనునట్లు చేయవలయును, విద్యుత్తీగెలను ఏటేట పరీక్షింపవలయును, ఆఱునెలల కొకసారి పిల్లలచే రాత్రివేళ అభ్యాసము చేయింపవలయును. ఐదు: వధూవరుల వివరములలో అవసరమైనవే తీసికొని, పని తీరిన పిదప తుడిచివేయవలయును. ఆఱు: తృటిలో తప్పిన గండములను వ్రాయుట కొక పుస్తక ముంచవలయును. అందు వ్రాసినవానిని నిందింపరాదు. నిందించినచో రెండవసారి ఎవ్వడును వ్రాయడు.

వీనిలో పెక్కింటికి ధనము పెద్దగా పట్టదు, ఓపిక పట్టును. మొగమాటము విడువవలసి యుండును. మన సంఘములలో మొగమాటమే అన్నిటికంటె పెద్ద నష్టభయము.

సోదరులారా! ఆ తల్లి నేడు లేదు. ఆలస్యముగ నైనను ఆ యంతస్తు కట్టబడినది. నేడందు పిల్లలు చదువుకొనుచున్నారు. ఆమె నన్నడిగిన ప్రశ్ననే ప్రతి కార్యవర్గసమావేశము మొదట మనము మనల నడుగుకొందము. "పిల్లలకు అన్నము పెట్టుచున్నారు గదా?" ఆ ప్రశ్నకు నేడు మాత్రమే కాదు, ఆపద వచ్చిన మఱునాడు కూడ "పెట్టుచున్నాము తల్లీ" యని చెప్పగలిగిననాడు మన సంఘము నిలిచినట్లు.

నా సూచనలను తీర్మానరూపమున స్వీకరింప ప్రార్థించుచున్నాను.